వాన వంటి దేవుడు

బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయము మొదటి పాదమునందు వైషమ్యనైర్ఘృణ్యాధికరణమను నొక చిన్న ప్రకరణము గలదు. వైషమ్యమనగా పక్షపాతము, నైర్ఘృణ్యమనగా దయలేమి. ఒకడు సుఖముగ నుండ, మరియొకడు తిండిలేక కృశించుచున్నాడే, ఇట్టి లోకమును నిర్మించిన యీశ్వరునికి పక్షపాతమును నిర్దయయు అంటవా యని పూర్వపక్షి యడుగును. అంటవని సిద్ధాంతి సమాధానము చెప్పును. ఈశ్వరుడు తన యిచ్చవచ్చినట్లు సృష్టింపడు. ప్రాణుల కర్మముల ననుసరించి సృష్టించును. కావున దోషము కర్మములదే గాని యీశ్వరునిది కాదు. దీనికి భాష్యము వ్రాయుచు శంకరాచార్యులవారు ఒక యుపమానము చెప్పిరి. ఈశ్వరుని వానవలె చూడవలెను. వరి, యవలు మొదలగు పైరులు మొలచుటకు వాన సాధారణకారణము. వరి వరిగను, యవ యవగను మొలచుటకు మాత్రము ఆయా విత్తనములలోని శక్తియే కారణము. వానకు వరిపై మక్కువయు లేదు, యవపై పగయు లేదు.

ఉపమానము చక్కనిది. పామరునికిని వెంటనే తెలియునది. అందుచేతనే పండితసభలను దాటి పురాణకాలక్షేపములకు వచ్చి, అచ్చటినుండి మన యిండ్ల వసారాలలోనికి దిగినది. భాష్యము పేరైన వినని ముసలమ్మకూడ, వాన యందరి చేలమీదను ఒకటే కురియును, ఎవరు విత్తినది వారు కోసికొందురని చెప్పుచుండును. వేదాంతమును పరీక్షించుటకు మాకు అధికారము లేదని కొందరనవచ్చును. ఉండకపోవచ్చును. కాని ఉపమానము కావ్యమునందున్నను భాష్యమునందున్నను ఉపమానమే. దానిని పరీక్షించుట విమర్శకుల పని. ఉపమానమునందును ఉపమేయమునందును సాధారణధర్మ ముండవలెనని అలంకారశాస్త్రమున నాలుగు పుటలు చదివిన బాలునికిని తెలియును. ఇచ్చట సాధారణధర్మము సమత్వము. వాన యందరికిని సమమైనదా యనునది మొదటి ప్రశ్న.

ఆచార్యులవారు పుట్టిన కాలడి కేరళదేశమునందున్నది. ఆ దేశమున సగటున ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. పడమటి కనుమల కావలివైపున పుట్టినవారికి వాన సమత్వమునకు గుర్తుగ తోచుట వింతగాదు. అనంతపురము జిల్లాలో సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటుగ నుండును. అదియు సగటు లెక్కయే గాని యేటేట వచ్చునది కాదు. నైరృతి మేఘములు తమ భారమునంతయు కనుమల కావల దించుకొని వట్టిచేతులతో ఇటు వచ్చును. ఈశాన్యపు మేఘములు తూర్పుతీరమున కురిసి కురిసి, మిగిలిన తుంపరలను తెచ్చును. రెండు ఋతువులకును తుదిపంక్తి యతిథి ఈ సీమ.

యాడికి యీ జిల్లాలోనిదే. పూర్వము తాడిపత్రి తాలూకాలోని గ్రామము, నేడు మండలకేంద్రము. చుట్టును సున్నపురాతి నేల. ఆ మండలములోని కోనుప్పలపాడు దగ్గర నేలలోపల గుహలున్నవి. ఎన్నో వేల యేండ్లు నీరు రాతిని కరగించుకొని పోగా నేర్పడినవి యవి. అనగా పడిన కొద్దిపాటి నీరును నిలువక రాతిబీటలవెంట క్రిందికి దిగిపోవు నేల యది. ఇంతలో దూరములేని తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని యాలయమున లింగముక్రింద ఊట యూరుచుండుటచేతనే స్వామికి బుగ్గ యను పేరు వచ్చినది. దేవుని పాదములచెంత నీరును, భక్తుని చేనిలో బీటలును! దీనిని మేము పరిహాసమునకు చెప్పుటలేదు. భూగర్భశాస్త్రము రెంటికిని కారణము చెప్పగలదు. సమత్వమునకు దృష్టాంతము కోరి వచ్చువారు ఈ సీమకు రాకూడదని మాత్రము చెప్పుచున్నాము.

యాడికి రైతు విత్తిన జొన్నగింజకును, నీరు సమృద్ధిగనున్న చోట విత్తిన జొన్నగింజకును శక్తిలో భేదము లేదు. ఒకే గాదెలోనుండి తీసిన విత్తనమును రెండుచోట్ల చల్లిన, ఒకచోట కంకి వేయును, ఇంకొకచోట మొలకదశలోనే మాడును. భాష్యమున విత్తనములు వేరు, వాన యొకటి. ఇచ్చట విత్తనమొకటి, వాన వేరు. ఉపమానము తలక్రిందులైనది.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానమును ఎరుగుదుము. ఉపమాన మేకదేశముననే అన్వయించును. ముఖము చంద్రునివంటిదన్నచో చంద్రునికి ముక్కేదియని యడుగరాదు. కురిసిన వాన కురిసినచోట పక్షపాతము లేకుండ కురియునని మాత్రమే భావము. న్యాయమే. అందుచే వానను విడిచి విత్తనములను చూతము. ఉపమానపు బరువంతయు నిజముగ విత్తనముమీదనే యున్నది. ఈశ్వరునిపై మోపబడిన నేరమును దింపి, ఆ నేరమును దుఃఖపడుచున్నవాని తలపై నుంచుట దీని పని. వాడు పూర్వజన్మమున విత్తినది యిప్పుడు కోయుచున్నాడు. అట్లయిన మొట్టమొదటి సృష్టిలో, కర్మమింకను లేనప్పుడు, భేదమెట్లు కలిగెనని సూత్రకారుడే తరువాతి సూత్రమున శంకించుకొని, సంసార మనాదియని సమాధానము చెప్పెను. మొదలు లేదు గనుక మొదటి యన్యాయమును లేదని తాత్పర్యము.

ఈ సమాధానము తర్కమున నిలుచునేమో గాని, పల్లెటూరివారికి దీనివంటిది వేరొకటి బాగుగ తెలియును. అది షావుకారి ఖాతా. తాత కాలమున వ్రాసిన పద్దు. అసలెంతయో తండ్రి యెరుగడు, కొడుకెరుగడు. వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును. మొదటి పద్దు చూపుమన్న, అది చాల పాతదని చెప్పుదురు. న్యాయస్థానమున నట్టి ఖాతా చెల్లదు. పుట్టి మూడు నెలలైన శిశువు పాలులేక చనిపోయినప్పుడు అట్టి ఖాతాను తెరచి చూపుట తల్లికి ఓదార్పగునా? కుమారిలభట్టువంటి మహామీమాంసకుడే శ్లోకవార్తికమున సృష్టికర్తను అంగీకరింపక, కరుణచే సృష్టించెనందురేని సృష్టికి ముందు కరుణకు పాత్రులెవ్వరని యడిగెను. కరుణయే కారణమైన సుఖవంతులనే సృష్టింపవలసినదికదా యనియు నడిగెను. ఈ ప్రశ్న పాశ్చాత్యులనుండి మనకు దిగుమతియైనదని తలచువారు ఈ సంగతి గమనింతురుగాక.

ఇక కరువు మాట. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పట్టిన మహాక్షామమును మన పెద్దలు ధాత కరువనిరి. వానలు తప్పిన 1876–77 ధాతృనామ సంవత్సరము, దాని తరువాతిది ఈశ్వర, ఆపైది బహుధాన్య. ధాత యనగా సృష్టికర్త. పంచాంగము వ్రాసినవారి కెట్టి దురుద్దేశమును లేదు. చక్రము తిరిగిన క్రమమున పేర్లు వచ్చినవి. అయినను సృష్టికర్త పేరిటి యేట కరువు మొదలై, ఈశ్వరుని పేరిటి యేట పీనుగులు దారులవెంట పడి, పేరునందైన ధాన్యముగల సంవత్సరమున పొలమునకు మరల మనుష్యులు పోసాగిరి. 1832–33లో గుంటూరుసీమను నాశనముచేసిన కరువు నందన నామ సంవత్సరమున వచ్చినది. కాలమునకు హాస్యరసమున్నదని చెప్పుట క్రూరముగ నుండును గాన ఊరకుందుము.

నాడు యాడికి ప్రాంతము బళ్లారి జిల్లాలో నుండెను. అనంతపురము 1882లో వేరు జిల్లా యైనది. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ బళ్లారి జిల్లా జనము ఇంచుమించు ఐదింట నొకపాలు తగ్గినది. వీరందరును తమ తమ విత్తనములనే కోసికొనిరా? ఒక జిల్లా యెల్లయే పూర్వజన్మపాపమునకును ఎల్లయయ్యెనా? గోదావరీ డెల్టాలో పుట్టినవారు ధాన్యమమ్మి లాభపడుచుండ బళ్లారిలో పుట్టినవారు మలమల మాడిరి. ఈ భేదమునకు కారణము 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట. ఆర్థరు కాటను కట్టించిన రాతిగోడ కర్మసిద్ధాంతముకంటె ఎక్కువమందిని బ్రతికించినదనుట నిందగాదు, లెక్క.

వాన యేల తప్పెనో నేడు కొంత తెలియును. ఆ యేండ్లలో పసిఫిక్ మహాసముద్రపు నీరు అసాధారణముగ వేడెక్కుటచే మన ఋతుపవనములు చెడినవని వాతావరణశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇందు ఎవరి పాపమును లేదు. వాన తప్పుట యొకటి, మనుష్యులు చచ్చుట యొకటి. ఈ రెండును ఒకటేయని తలచుట మన పెద్ద భ్రాంతి. 1877 జనవరి 1వ తేదీన లిట్టను ప్రభువు ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని చక్రవర్తినిగ చాటించెను. ఆ నెలలోనే రిచర్డు టెంపులు చెన్నపురి రాజధానికి పంపబడెను. పనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై స్వల్పముగ రొక్కమును చాలునని నిర్ణయించెను. రాళ్లు కొట్టువాని కది చాలదని వైద్యాధికారి కార్నిషు పోరాడెను. దేశమునుండి ధాన్యపు టెగుమతి మాత్రము ఆగలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మన సామెత. నాడు దేవుడును ఈయలేదు, పూజారియు ఈయలేదు. ధాన్యము లేకపోవుటచే గాక, ఉన్న ధాన్యమును కొనుశక్తి లేకపోవుటచే జనులు క్షామములయందు చచ్చుచున్నారని అమర్త్యసేను 1981లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఆయన ముఖ్యముగ పరిశీలించిన 1943 వంగక్షామమునందును ఇదే సంగతి.

కర్మసిద్ధాంతమునకు మేము వెరచుట దాని తర్కదోషమువలన గాదు. అది చూచువాని చేతులను కట్టివేయును గనుక వెరచుచున్నాము. మన యిండ్లలో ఎనిమిదేండ్ల బాలిక వితంతువైనప్పుడు ఆమె పూర్వజన్మపాపమే మగని మ్రింగినదనిరి. ఆ మాటకు ఆధారము ఈ యుపమానమే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము చేయించునప్పుడు అనాదికర్మమునుగూర్చిన వాదము తేలువరకు ఆగలేదు. వారు ఆస్తికులు, ఈశ్వరుని దయను నమ్మినవారు. దయగల యీశ్వరుడు బాలికను శిక్షించుచున్నాడని నమ్మలేకపోవుటయే వారి యాస్తికత. 1990ల చివరనుండి అనంతపురము జిల్లాలో వేరుసెనగ పండక అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతుల వార్తలు పత్రికలలో వచ్చుచుండగా, వాడి కర్మమట్లు కాలినదని తలయూపి పుట తిప్పినవారును ఆస్తికులే. ఈ రెండాస్తికతలు ఒకటియేనా?

ఒక్కొక్క మనుష్యుని కర్మము కాదు, సంఘమంతటి పాపమని చెప్పువారున్నారు. వీరిలో మహాత్మాగాంధిగారు పెద్ద. 1934 జనవరి 15వ తేదీన బీహారులో భూకంపము వచ్చి వేలకొలది జనులు చనిపోయిరి. హరిజనయాత్రలోనున్న గాంధిగారు ఆ నెలలోనే తిరునల్వేలి సభలో అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన దండనయని చెప్పిరి. రవీంద్రనాథఠాకూరుగారు దీనిని తీవ్రముగ ఆక్షేపించిరి. ప్రకృతివైపరీత్యమును నీతితో ముడిపెట్టుట అవివేకమును పెంచుననిరి. గాంధిగారు ఆ యాక్షేపణను తమ పత్రికలోనే ప్రకటించి ప్రత్యుత్తర మిచ్చిరి. అస్పృశ్యత పోవలెనని కోరు విషయమున మేము సర్వవిధముల గాంధిగారి పక్షము. ఈ మాట విషయమున ఠాకూరుగారి పక్షము. గాంధిగారు నేరమును దుఃఖితులపై మోపక, అధికులమనుకొను జాతులపై మోపిరి; అందు వారి హృదయము కనబడును. కాని కూలిన మట్టియిండ్లక్రింద చచ్చినవారిలో హరిజనులును ఉండిరి గదా. తమ్మంటని పాపమునకు తామే దండనపొందిరని వారి బిడ్డలకు చెప్పవలసివచ్చును. సదుద్దేశముతో చెప్పినను, దుఃఖమును దండనయను వాదము చివరకు దుఃఖితుని యింటిముందే వచ్చి నిలుచును.

ఇందుకు నేరుగ ఎదురునిలిచినవాడు మన యాంధ్రుడే. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు 1944లో సేవాగ్రామమున గాంధిగారితో ముచ్చటించుచు, వంగక్షామమున కలకత్తా వీధులలో తినుబండారముల దుకాణముల ప్రక్కనే జనులు ఆకలితో పడి చచ్చుట తాము చూచితిమని చెప్పిరి. ఆకలిగొన్న పశువైన దుకాణముపై పడి తినును. మనుష్యుడేల అట్లు చేయలేదు? దైవమును కర్మమును నమ్మి చేతులు ముడుచుకొనుటచేతనేయని వారి వాదము. గాంధిగారు దీనిని కొట్టివేయక, తన యాస్తిక్యము సత్యమనియు గోరాగారి నాస్తిక్యము అసత్యమనియు తాను చెప్పజాలననిరట. ఇద్దరి యౌదార్యమును మెచ్చదగినది. అయినను గోరాగారి వాదమున కొంత తొందరయున్నది. 1876లో చెన్నపురి రాజధానిలో పలుచోట్ల ధాన్యపు కొట్లను ఆకలిగొన్న జనులు దోచిరి. వారందరును నాస్తికులు కారు, గుళ్లకు పోవువారే. భక్తుడైన మాత్రమున మనుష్యుడు చేతులు ముడుచుకొనడు. ఎట్టి భక్తి యనునదే ప్రశ్న.

మన సాహిత్యమున ఈ ప్రశ్నకు ఉత్తరమున్నదని మాకు తోచుచున్నది. అది భాష్యములలో గాక శతకములలోను కీర్తనలలోను ఉన్నది. తెలుగుకవులు దేవుని సమర్థించుటకంటె దేవునితో జగడమాడుట యందు నేర్పరులు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకమున శ్రీకాకుళాంధ్రదేవుని ఎగతాళి చేసెను. అది వ్యాజనింద, తిట్టు పైపూత, లోపల పొగడ్త. చదువుటకు సొంపుగ నుండును గాని కవికి నొప్పి కలిగినట్లు తోచదు. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రినారసింహశతకమున, శత్రువులు సీమను కొల్లగొట్టుచుండ కదలక కూర్చున్న దేవుని ఎత్తిపొడిచెను. అచ్చట నింద నిజముగ కాకగొన్నది. వీరందరికంటె కంచెర్ల గోపన్న మాకు ముఖ్యుడు. గోలకొండ చెరలో దెబ్బలు తినుచు ఆయన చేసినపని యేమి? దేవునికి లెక్క చూపెను. ఈ నగకింత, ఆ నగకింత. ఎవరి సొమ్మని కులుకుచున్నావని యడిగెను. తరువాత, దెబ్బల బాధచే తిట్టితిని, తప్పుగొనవద్దని బతిమాలుకొనెను.

(ఆ సొమ్ము నిజమున కెవరిదని చదువరి యడుగవచ్చును. గోపన్న తహశీలుదారు, ఆలయమునకు వ్యయమైనది సర్కారు శిస్తు, శిస్తిచ్చినది రైతు. ఈ సంగతిని భక్తకథలు త్వరగ దాటిపోవును. మేము దాటజాలకున్నాము గాని, ఇచ్చట ప్రకరణము వేరు.)

భాష్యమున దేవుడు మనుష్యునికి ఖాతా చూపును. కీర్తనలో మనుష్యుడు దేవునికి ఖాతా చూపును. మొదటి ఖాతాకు మొదటి పద్దు లేదు. రెండవదానిలో ప్రతి పద్దునకును వస్తువున్నది. గోపన్న తన దుఃఖమునకు తన పూర్వజన్మమును సాక్షిగ పిలువక, నీవు బాధ్యుడవని దేవుని నిలదీసెను. అట్లు నిలదీయుటకు దేవుడున్నాడని నమ్మవలెను; ఆయన దయగలవాడై యుండవలెననియు నమ్మవలెను. దయ లేనివానిని దయ లేదని యెవ్వరును నిష్ఠురమాడరు. ఈశ్వరుని దయయు లోకమున దుఃఖమును ఒక్కచోట నెట్లుండునో మేము నిరూపింపజాలము. నిరూపించినవారిని చూచియు నుండలేదు. నిరూపణ తొందరలో దుఃఖితుని దోషిగ చేయుటకంటె, నిరూపణ లేక జగడమాడు భక్తి నిజాయితీగలది. తన సీమ కరువును పాడిన విద్వాన్ విశ్వముగారు 1956లో వెలువడిన పెన్నేటిపాటయందు రంగన్న గంగమ్మలను బీదదంపతుల కథ చెప్పుచు, ఆ దారిద్ర్యమును వారి పాపఫలముగ గాక ఒక సీమకు పట్టిన దుర్దశగ చూపిరి. అనంతపురము జిల్లా తరిమెలలో పుట్టినవారికి వానయనగా నేమో తెలియును.

ఆ సీమ పల్లెలకును తెలియును. వాన తప్పినయేట విరాటపర్వము చదివింతురు. పిల్లలు రోకలికి వేపాకులతో కప్పను కట్టి యింటింటికి త్రిప్పగా ఇల్లాండ్రు బిందెలతో నీరు పోయుదురు. ఇంటింట గింజలెత్తి పాయసము వండి, ఊరివెలుపల బండపై పోసి, చేతులు వెనుక పెట్టుకొని వంగి నాకుదురు, దీనిని వరదపాయసమందురు. కప్పకును వానకును సంబంధము లేదని మేమెరుగుదుము. మన పిల్లలకును చెప్పుదుము. కాని సంస్కారప్రియులమైన మనము ఈ మూఢాచారమును నవ్వి త్రోసివేయుటకు ముందు దానిలో లేనిదేదియో చూడవలెను. ఆ బండదగ్గర ఎవడు పాపి, ఎవనివలన వాన తప్పెనని విచారణ లేదు. గింజలు అందరియింటినుండియు వచ్చినవి, పాయస మొక్కటే, బండ యొక్కటే. వంగినవారిలో నిరుటి వాన దక్కినవాడును దక్కనివాడును ఉందురు.